పడవకు వేసిన తాళం

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, మోకాళ్ల నొప్పులకు మంచిదని ఎవరో చెబితే రెండు నెలల జీతం పోసి గేర్ల సైకిల్ కొన్నాను. ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని ఇన్సూరెన్స్ కూడా చేయించాను. కదలని వస్తువుకు కట్టి తాళం వెయ్యాలని పాలసీలో షరతు.

రోజూ పొద్దున్నే సైకిల్ మీద సముద్రానికి వెళ్లి ఒడ్డున నడిచేవాణ్ణి. ఇసకలో కదలని వస్తువేముంటుంది, నా తలకాయ! వేసవిలో వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉండేవి. ఒక ముసలి మత్స్యకారుడి పడవకు గొలుసు చుట్టి తాళం వేసేవాణ్ణి. రెండు నెలలు అది అంగుళం కదల్లేదు.

నిషేధం ముగిసిన రోజు కూడా అలవాటుగా తాళం వేసి నడకకు పోయాను. తిరిగొచ్చేసరికి పడవా లేదు, సైకిలూ లేదు. మధ్యాహ్నం వేట నుంచి వచ్చాక ముసలాయన చెప్పాడు.

"నీకోసం సూసి సూసి గొలుసు నానే కోసీసాను బావూ. సైకిలు ఒడ్డునే జాగర్తగా ఎట్టాను."

ఒడ్డున పెట్టిన సైకిల్‌ను ఎవడో ఎత్తుకుపోయాడన్నమాట. విచారణకొచ్చిన ఇన్సూరెన్స్ మనిషికీ, నాకు సాయం చేస్తున్నాననుకుని, అదే మాట చెప్పాడు. "గొలుసు కోసింది దొంగ కాదు, నానే." తాళం లేని సైకిల్ పోతే పాలసీ వర్తించదట.

తర్వాత బజార్లో కనబడినప్పుడల్లా అడిగేవాడు.

"డబ్బులొచ్చినాయా బావూ? నా మాట పనికొచ్చినాదా?"

"పనికొచ్చింది తాతా" అని, మోకాళ్లు నొక్కుకుంటూ బస్టాండు దారి పట్టేవాణ్ణి.