విమానానికి రంగు వేస్తే పట్టుకున్న ఆయాసం

ఎనభైల నాటి మాట. మిరపకాయలు నిల్వ చేసే గదిలో విమానం రెక్కకు రంగు రెండో పూత వేసి బయటికి వచ్చాను. చెంబెడు నీళ్లు తాగేలోపే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. మా కారేపల్లిలో ఎవరు దగ్గినా మిరప ఘాటే అంటారు. నేనూ అదే అనుకుని బస్తాలన్నీ కొట్టంలోకి మార్పించాను. కిటికీలు మాత్రం తెరవలేదు.

విమానమంటే కర్రతో, గుడ్డతో చేసే, ఒక్క మనిషి కూర్చునేది. పోస్టులో తెప్పించుకున్న ప్లాన్లు చూసి మూడేళ్లుగా కడుతున్నాను. మాది నక్సలైట్లు తిరిగే అడవి అంచు ఊరు. ఒకరోజు పోలీసులు వచ్చి, "దీంట్ల ఎవర్ని ఎక్కించుకొని అడవిలకు పోతవ్?" అని గద్దించి వెళ్లారు. వాళ్లకు చెప్పింది పక్కింటి నర్సయ్యేనని నా అనుమానం. ఆనాటి నుంచి కిటికీలకు గోనెపట్టాలు కొట్టి, లోపల గడియ వేసుకుని పని చేశాను.

దగ్గు నెలైనా తగ్గక ఖమ్మం దవాఖానాకు వెళ్లాను.

"ఏం పని చేస్తారు?" అన్నారు డాక్టరు.

"వ్యవసాయం సార్."

పోలీసుల చెవిన వేస్తారేమోనని విమానం మాట మింగేశాను. కఫం పరీక్షలో ఏమీ రాలేదు. ఎక్స్‌రే చూసి, "టీబీ అయ్యుండొచ్చు" అంటూ ఇంజెక్షన్లు రాశారు. వాటితో చెవుల్లో హోరు మొదలైంది, ఆయాసం ఎక్కడిదక్కడే ఉంది.

వేంసూరులో బావమరిది ఇంట్లో వారం ఉంటే దగ్గు మాయమైంది. తిరిగొచ్చి రంగు డబ్బా మూత తీసిన రెండో రోజే మళ్లీ పట్టుకుంది. నాకు డబ్బా మీద అనుమానం రాలేదు, నర్సయ్య మీద వచ్చింది. మాకు మజ్జిగ వాళ్లింటి నుంచే వచ్చేది.

"వాడే మజ్జిగల మందు పెట్టిండు" అన్నాను.

"ఆ మజ్జిగ నేనూ తాగుతున్న గదా! నాకేం గాలేదేంది?" అంది నా భార్య సుజాత.

ఆమెను కూడా అనుమానంగా చూశాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక సాయంత్రం ఆ గదిలోనే పడిపోయాను. సుజాత కేకలు విని, గొడ్డలితో తలుపు పగలగొట్టింది నర్సయ్యే. జీపు కిరాయికి మాట్లాడి ఖమ్మం చేర్చిందీ అతనే. దారిలో అతనిచ్చిన నీళ్లు మాత్రం నేను తాగలేదు.

ఆక్సిజన్ పెడుతుంటే సుజాత ఆగలేకపోయింది. "సార్, ఈయన ఇంట్ల విమానం కడుతుండు. తలుపులు మూసి రంగేస్తడు."

డాక్టరు ఆ రంగు డబ్బాలు తెప్పించి, వాటి మీద రాసింది చదివారు. "టీబీ కాదయ్యా, ఆస్తమా. రంగు గట్టిపడాలని కలిపే ఈ హార్డెనర్ నీకు పడదు. దీన్ని జన్మలో ముట్టొద్దు. మొదటిరోజే చెప్పుంటే ఇన్ని ఇంజెక్షన్లు పొడిచేవాణ్ణా?"

"పోలీసులకు చెప్తారా సార్?"

"ముందు ఊపిరి పీల్చు."

ఇప్పుడు ఇన్‌హేలర్ జేబులో ఉంటుంది. చలికాలం కొంచెం కష్టమే. విమానానికి ఇన్నేళ్లైనా ఇంజను దొరకలేదు. మిగిలిన రంగు పని ఖమ్మంలో వేరేవాళ్లు చేశారు. రెక్క మోయాలంటే నర్సయ్య వచ్చి రెండో కొస పట్టుకుంటాడు. ఒకసారి అడిగేశాను, పోలీసులకు చెప్పింది నువ్వేనా అని.

"అవ్, నేనే. పైకి పోయి పడి సస్తవని భయమైంది. గట్లన్నా ఆపుతవనుకున్న" అన్నాడు.

నన్నెవరూ అడ్డుకోకూడదని గడియ వేసుకున్నాను. ఆ గదిలోనే చావబోయాను.

నాలాంటివాళ్లకు ఒక్కటే చెబుతాను. ఏం పని చేస్తారని డాక్టరు అడిగితే, తలుపు వేసుకుని చేసే పనిని ముందు చెప్పండి.