ఫోన్ తీగ మెలిపడొద్దని

మా ఇంట్ల తీగ ఫోన్ సూసి, మేం బతకొచ్చిన ఈ నవాగామ్‌ల అందరూ నవ్వుతరు. నవ్వనీయుండ్రి! సెల్లుల మాట నాకు దోమ గుయ్యిమన్నట్టే ఉంటది. ఈ బరువు రిసీవర్ చెవికి గట్టిగ ఒత్తుకుంటేనే ఇంత ఇనపడేది. పోరగాన్నప్పటి సంది మరమగ్గాల నడుమనే బతుకాయె. మేం సాంచాలంటం. నా చెవులు సాంచాలే తిన్నయి.

దీనవ్వ, ఆ చుట్టల తీగ ఉన్నది సూడు, ఊకె మెలిపడుతది. మెలిపడితే గుంజుతది, గుంజితే గరగర. అందుకే ఆదివారం అక్క ఫోన్ జేసే యాళ్లకు ముందుగాల్నే రిసీవర్‌ను బల్ల మీదికెల్లి కిందికి వేలాడేస్త. అది బొంగరం లెక్క తిరిగి తిరిగి, చిక్కంత పోయినంక ఆగుతది.

"ఏందయ్యా వారం వారం ఈ పూజ?" అంటది నా పెండ్లాం. ఆమెకు తెల్వది, మెలిపెట్టేది నేనే అని. ఏ చెవి జర దయతలుస్తదో అని రిసీవర్‌ను ఈ చెవికెల్లి ఆ చెవికి మార్చుకుంటనే ఉంట.

సిరిసిల్లల ఉన్న అక్క ఒక్కతే నా తోడబుట్టింది. ఆమె గొంతు సుత నాకు గుయ్యిమనుడే, మాట ఇనపడుడు బందయి శాన దినాలాయె. ఎవలకు చెప్పలే. చెప్తే నాతోని మాట్లాడుడే బంజేస్తది. ఇగ నాకేం మిగులుతది? అక్క అడిగేది ఎప్పుడూ ఒకటే వరుస. తిన్నవా, పిల్లలు మంచిగున్నరా, వాన పడుతుందా, ఎప్పుడొస్తవ్. గుయ్యిమనుడు ఆగినప్పుడల్లా ఒక జవాబు ఇడిసేటోన్ని.

మొన్న ఆదివారం ఫోన్ జల్ది మోగింది. తీగ సాపుగనే ఉన్నది. గుయ్యి ఆగంగనే "తిన్న అక్కా, కడుపు నిండ తిన్న" అన్న. మళ్ల ఆగింది. "అందరం మంచిగున్నమే" అని నవ్విన.

గంతల్నె నా పెండ్లాం సెల్లు పట్టుకొని వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. అక్క కోడలు దానికి ఫోన్ జేసిందట. నోటితోని చెప్పలే. సాంచాల కాడ మేం సైగ జేసినట్టే, పుస్తెలతాడు పట్టుకొని తెంపినట్టు సూపెట్టింది.

బావ పోయిండు.

రిసీవర్ ఇంకా నా చెవికే ఉన్నది. అక్క ఏడుస్తున్నదో, తిడుతున్నదో, పెట్టేసిందో.

"అక్కా, నాకు ఇనపడ్తలేదే!" అని ఒర్లిన. అదన్న ఇన్నదో లేదో.