అత్త చేతికెక్కిన కత్తి

ఈరోజు పొద్దున కాఫీ లోటా కింద పెడుతూనే మా అత్త ఒక కత్తి తీసి నా ముందుకు జరిపింది. "పదును రవ్వంత తగ్గిండాదమ్మా. తీరిక అయినప్పుడు చూడు" అని, నా జవాబు కోసం ఆగకుండా పట్టుపురుగుల గదిలోకి వెళ్ళిపోయింది. నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు ఆమె కత్తిని నేను ముట్టుకుంటేనే ఇంటి పైకప్పు ఎగిరిపోయేది. ఆ మనిషే ఇప్పుడు పదును పెట్టమని కత్తి నా చేతికిస్తోంది. అదీ నేను చేసిన కత్తి!

మాది చింతామణి దగ్గర పల్లె. నా పుట్టిల్లు బాగేపల్లి వైపు పరగోడు. అక్కడ మాకు రాగి, వేరుశెనగ తెలుసుగానీ పురుగుల సంగతి తెలియదు. కోడలిగా వచ్చిన కొత్తలో తట్టల నిండా మెదిలే పట్టుపురుగులను చూసి నాకు ముద్ద దిగేది కాదు. ఇప్పుడైతే చాలామంది కాస్త పెరిగిన పురుగులనే కొని తెచ్చుకుంటున్నారు. మా అత్త అట్లా ఒప్పుకోదు, గుడ్డు పగిలినప్పటి నుంచి తానే సాకాలి. అప్పుడే పుట్టిన పురుగు కంటికి సరిగ్గా ఆనదు. దానికి లేత మల్బరీ ఆకును దారాల్లా తరిగి చల్లాలి. కత్తి మొద్దుదైతే ఆకు నలుగుతుంది. నలిగిన ఆకు అంచు నల్లబడి వాడిపోతే పురుగు దాని జోలికి పోదు. అందుకే మా అత్త లెక్కలో వాళ్ళమ్మ ఇచ్చిన కత్తి ఒక్కటే కత్తి, లోకంలోని మిగతావన్నీ రేకుముక్కలు.

కొన్నేళ్ళ కిందట, దసరా దగ్గర పడుతున్న రోజుల్లో, అరిగి అరిగి వేలెడు వెడల్పుకు వచ్చిన ఆ కత్తి నడుమ నెర్రె విచ్చింది. చింతామణి అంగళ్ళలో దొరికిన కత్తులన్నీ తెచ్చాం. అన్నిటినీ ఒక్కొక్క ఆకు మీద ఆడించి పక్కన పడేసింది. "ఈసారి వచ్చే గుడ్లే కడాకు, ఇంక మళ్ళీ తెప్పించేది లేదు. పిల్లపురుగులను పస్తులు పెట్టేది నాతో కాదమ్మా" అంది. కీళ్ళనొప్పులున్నా, చూపు మందగించినా ఆమెను పొద్దున్నే మంచం మీద నుంచి లేపేవి ఆ పురుగులే. ఆ గదికి తాళం పడితే మా అత్త ఏమైపోతుందో నాకు తెలుసు.

మా మరిది గౌరిబిదనూరులో ఫ్యాక్టరీ పని మానేసి వచ్చి, దొడ్లో రేకుల షెడ్డు వేసుకుని, లారీ కమాను పట్టీలతో కత్తులు చేసి బెంగళూరు వాళ్ళకు అమ్ముతుంటాడు. అతను ప్రేమగా చేసిచ్చిన కత్తిని అత్త పైకెత్తి చూసి "పొట్టేలును కొయ్యను బాగుంటాదప్పా" అని తిరిగి ఇచ్చేసింది. అదిగో, అప్పుడొచ్చింది నాకు పంతం. కత్తుల సంగతి తెలియకపోతేనేం, అత్త చెయ్యి నాకు తెలుసు. ఆమె కత్తి ఎత్తి నరకదు. కొనను పీటకు ఆనించి ముందుకు తోస్తుంది, అంతే. ఆ చేతికి పలుచని, తేలికైన కత్తి కావాలి. "నేను చేస్తానప్పా, నేర్పు" అన్నాను మరిదితో. మా ఆయన విని, "వేళ్ళు పోతే రేపు సంగటి ఎవరు కెలుకుతారే?" అన్నాడు. పెళ్ళాం వేళ్ళ మీద ఆయనకున్న ప్రేమ అంత.

ఆకారం కోసి, కాల్చి గట్టిపరిచిన పట్టీ మరిది ఇస్తాడు. గిర్రున తిరిగే సాన బెల్టుకు ఆనించి, రెండువైపులా సమానంగా అరగదీసి అంచు తేవడం నా పని. మొదటిరోజు నిప్పురవ్వలు లేస్తుంటే సంబరపడిపోయి అట్లే అదిమిపట్టాను. అంచంతా నీలిరంగు తిరిగింది. "కాలిపాయ వదినా! నీలం వచ్చినచోట పదును నిలవదు. వేలికి సురుక్కుమంటానే నీళ్ళలో ముంచల్ల" అన్నాడు. రెండోది కాలలేదుగానీ అంచు మెలికలు పోయింది. "చేతులు ఆడిస్తాండావు. కదలాల్సింది ఒళ్ళు" అన్నాడు. ఒళ్ళు ఎట్లా కదలాలో నాకు పాలుపోలేదు.

ఆ సాయంత్రం పొయ్యి మీద సంగటి కెలుకుతున్నాను. ఉన్నట్టుండి నన్ను నేనే చూసుకున్నాను. మోచేతులు రెండూ డొక్కలకు అంటుకుని ఉన్నాయి, కట్టె పట్టిన చేతులు బిగిసి ఉన్నాయి, నడుము దగ్గర నుంచి ఒళ్ళంతా ఊగుతోంది. "ఓరి నాయనో, ఇదా!" అని కట్టె అక్కడే వదిలేసి షెడ్డుకు పరుగెత్తాను. సంగటి అడుగంటింది. మా ఆయన మాడు వాసనతోనే ముద్ద మింగాడు పాపం. నా కత్తి అంచు మాత్రం గీత గీసినట్టు వచ్చింది.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఆయుధపూజకు మరిది అన్ని కత్తులకూ బొట్టు పెట్టి ఊరుకుంటే, నేను నా ముద్దుల కత్తికి పసుపూ కుంకుమా తడిపి ఒళ్ళంతా పూసి, దిష్టి తగలకుండా నిమ్మకాయ చెక్కలు కూడా అంచుకు గుచ్చి దేవుడి ముందు పెట్టాను. పూజలో పెట్టిన ఆయుధాన్ని మరునాటి పూజ దాకా ముట్టుకోకూడదు కదా. మరునాడు పూలు తీసి చూస్తే ఏముంది? అంచు పొడుగునా తుప్పు, నల్లటి గుంటలు! "పూజ చేసినావా వదినా, ఊరగాయ పెట్టినావా?" అని మరిది ఒకటే నవ్వు. నాకు ఏడుపొచ్చింది. తెల్లవారితే గుడ్లు పగిలేరోజు.

ఏడ్చి ముక్కు తుడుచుకుని మళ్ళీ షెడ్డులోకి వెళ్ళాను. మరిది రాబోతే వద్దన్నాను. తుప్పు తిన్నంత మేరా తీసెయ్యాలంటే కత్తి ఇంకా పలుచనవ్వాలి, కాలితే ఇక దక్కదు. ఒకసారి ఆనించడం, నీళ్ళలో ముంచడం, మళ్ళీ ఆనించడం. భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. చివరికి చూస్తే ముందటి దానికన్నా పలుచగా, చేతిలో ఉన్నట్టే లేనంత తేలికగా తయారైంది.

పొద్దున గుడ్లు పగిలాయి. అత్త లేతాకులు దొంతి పెట్టి, చుట్టి, నా కత్తి తోసింది. ఆకు చప్పుడు లేకుండా దారాలై రాలింది. కోసిన అంచును వేలితో తడిమి చూసింది, వాసన చూసింది, మళ్ళీ తోసింది. పురుగుల మీద ఆకు చల్లి, అవి పాకి ఆకెక్కేదాకా కదలకుండా చూసింది. తర్వాత వాళ్ళమ్మ కత్తిని కొంగుతో తుడిచి నా చేతికిచ్చి, "దీన్ని గోడ మొలకు తగిలియ్యి. ఇంక దానికి పనేముండాది?" అంది. అప్పటికీ ఆగలేక, "మళ్ళీ గుడ్లకు చెప్పేదా అత్తా?" అని అడిగాను. "చెప్పక? ఊరికే కూసోమంటావా నన్ను?" అంది. గెలిచాను! వాకిట్లోకి వచ్చి మా ఆయన ముందు పది వేళ్ళూ ఆడించి చూపించాను.

ఇప్పుడు ఆ కత్తిని సాన పట్టి తుడుస్తున్నాను. నేను చేసిననాటికన్నా సన్నబడింది, మా అత్తలాగే. లోపలి నుంచి "అయ్యిందామ్మా? పురుగులు ఆకలిగుండాయి!" అని కేక వినిపిస్తోంది. కాలం అన్నిటినీ అరగదీస్తుందని బెంగపడేదాన్ని. మా ఇంట్లో మాత్రం అది పదును పెడుతూ పోతోంది.