వేలికి తెరుచుకోని ఫోను

చిన్నమ్మాయి అంటే పేరే చిన్నమ్మాయి. మనిషికి నలభై దాటాయి. ఆత్రేయపురంలో ఆవిడ తీసిన పూతరేకు అవతల దీపం పెడితే ఇవతలికి వెలుగు కనిపిస్తుందంటారు. అంత మంచి పేరు ఊరికే రాలేదు. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండుతుంటాయి. పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగి, చురుక్కుమంటున్నా రేకును వేళ్ళతో ఒలిచి తీయాలి. పెళ్ళయినప్పటి నుంచీ అదే పని. ఆ వేడికి వేలి గీతలన్నీ అరిగి నున్నబడిపోయాయి. రేషన్ డిపోలో మిషను ఆవిడ వేలిని ఏనాడూ మనిషి వేలుగా ఒప్పుకోలేదు. బియ్యం తేవడం అందుకే మొగుడు భీమరాజు పనైంది.

భీమరాజు చెడ్డవాడు కాడు. తాగడు, చెయ్యెత్తడు, వీధిలో అందరినీ అండీ అండీ అంటాడు. ఇల్లు మాత్రం ఆయన గుప్పిట్లో ఉండాలి. ఇంటికంతటికీ ఒకటే ఫోను, అదీ ఆయన చొక్కా జేబులో. పూతరేకుల ఆర్డర్లూ, రాజమండ్రిలో నర్సింగ్ చదివే కూతురు దుర్గాశ్రీ కబుర్లూ అన్నీ అందులోకే వస్తాయి. దసరా వెళ్ళాక ఆయన వాట్సాప్‌కీ యూట్యూబ్‌కీ ఫొటోలకీ తాళం పెట్టించుకొచ్చాడు.

"లోకం బాగోలేదే. ఏదో నొక్కితే ఇంకేదో అయిపోద్దంట. నా వేలు పెట్టాను, నీదీ పెడతాను రా."

చిన్నమ్మాయి పెట్టింది. ఎత్తి మళ్ళీ పెట్టమంది ఫోను. కుడిచేతివి అయ్యాయి, ఎడమచేతివి అయ్యాయి.

"ఏం చేస్తామే, ఒప్పుకోట్లేదు" అన్నాడు.

"పోనీ నెంబరేదో ఉంటుందంట కదండీ, అది చెప్పండి."

"నీకు చెప్తే ఊరికి చెప్పినట్టే. నేనున్నాను కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసిస్తాను."

రేషన్ డిపో సంగతి ఎరిగిన మనిషికి ఇది ముందే తెలియదా అని చిన్నమ్మాయికి కడుపు మండిపోయింది. అడగలేదు. అడిగితే ఆయన నొచ్చుకుంటాడు. నొచ్చుకుంటే వారం దాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. అప్పటినుంచీ కూతురి మొహం చూడాలన్నా ఆయన వేలు కావాలి, ఆయన పక్కనుండాలి. మామూలు ఫోనొచ్చినా స్పీకరు పెట్టాల్సిందే.

ఒక రోజు పొద్దున్నే చార్జింగ్ అయిపోయి, ఫోను ఇంట్లో పెట్టి భీమరాజు కొబ్బరితోటకి వెళ్ళాడు. కాసేపటికి అది టింగుమంది. చిన్నమ్మాయి చేతులు తుడుచుకుని, తాళం తీయకుండానే ఫోను మీద పైకి కనబడేదాన్ని చూసింది. దుర్గాశ్రీ ఏదో మాట్లాడి పంపింది. దాని కింద రెండు ముక్కలు రాసింది: 'అమ్మా, ఒక్కదానివే ఉన్నప్పుడు విను. నాన్నగారికి వినిపించకు. సాయంత్రం ఫోన్ చేస్తా, నీ మాట చెప్పు.'

తాళం సంగతి పిల్లకి తెలియదు. నొక్కితే వేలు పెట్టమంది. అవదని తెలిసీ పది వేళ్ళూ పెట్టింది, చీరచెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. కూతురికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. క్లాసులయ్యేదాకా పిల్లల ఫోన్లు హాస్టల్లో వార్డెన్ దగ్గరే ఉంటాయి. పిల్లకి ఒంట్లో బాగోలేదా? చదువు మానేస్తానంటోందా? ఎవరినైనా ఇష్టపడిందా? తను వినలేదు సరే, ఆయనొచ్చి వేలు పెడితే మొత్తం ఆయన చెవిలో పడుతుంది. అడకత్తెరలో పోకచెక్కయిపోయింది చిన్నమ్మాయి.

వీధిలో భీమరాజు బండి చప్పుడైంది. అక్కర్లేని గేములు దుర్గాశ్రీ ఎలా తీసేసేదో అప్పుడు గుర్తొచ్చింది. వాట్సాప్ బొమ్మ మీద వేలు అదిమిపెట్టి ఉంచింది. తీసెయ్యమంటారా అని అడిగింది ఫోను. దీనికి మాత్రం ఎవరి వేలని అడగలేదు. పిల్ల గొంతు అందులోనే ఉందే అని ప్రాణం ఉసూరుమంది. ఏడుస్తూనే నొక్కింది.

"ఇదేంటే, వాట్సాప్ లేదు?" అన్నాడు భీమరాజు లోపలికొచ్చి.

"నాకేం తెలుసండీ. నా వేలికి అది తెరుచుకోదు కదా."

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. షాపుకెళ్ళి మళ్ళీ వేయించుకొచ్చాడు. ముందురోజు రాత్రి దాకా ఫోను దాచుకున్నవన్నీ తిరిగొచ్చాయి. పొద్దుటిది రాలేదు.

సాయంత్రం దుర్గాశ్రీ ఫోన్ చేసింది. భీమరాజు ఎప్పటిలాగే స్పీకరు నొక్కి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా... మరి ఏమంటావు?"

చిన్నమ్మాయి ఫోనుకి దగ్గరగా జరిగింది. వినలేదంటే పిల్ల ఆయన ముందే మళ్ళీ చెప్పాలి. వద్దంటే దేన్ని వద్దంటోందో తనకే తెలియదు.

"ఆ చీర సంగతేగా? నీకేది నచ్చితే అదే తీసుకో తల్లీ. నేనేం అనను."

దుర్గాశ్రీ గొంతు తగ్గించి అడిగింది.

"నాన్నగారు కోప్పడితే?"

"నేను చెప్పుకుంటాలే."

"నిజంగానా అమ్మా?" అంది దుర్గాశ్రీ. అది ఏడుపో నవ్వో తెలిసేలోపే ఫోను కట్టయిపోయింది.

"ఏ చీరే? నేను కోప్పడేంత చీర ఏంటది?" అన్నాడు భీమరాజు.

"తెలీదండి" అంది చిన్నమ్మాయి. "అది కట్టుకొచ్చాక ఇద్దరం చూద్దాం."