మూడో రోజు: పాత పుస్తకాల ప్రదర్శన

మా ముత్తాత మా ఊరికీ, దాని కింది మూడు పల్లెలకూ గ్రామ మునసబు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నప్పుడు ఆ వీధిలో ఎవరూ గొడుగు వేసుకుని నడిచేవారు కాదట. ఆయన కొడుకు, మా తాత, చిత్తూరు కోర్టులో వకీలు. పూతలపట్టు నుంచి పాకాల వైపు పోయే దారిలో, మా ఊరి బస్టాపు పక్కన ఉన్న గ్రంథాలయానికి స్థలం ఇచ్చింది ఆయనే. మా నాయన రెండుసార్లు సర్పంచి. మూడోసారి ఓడిపోయాక గడప దాటడం తగ్గించుకున్నారు. నేను తిరుపతిలో ఒక సత్రంలో గుమాస్తాగా చేశాను. గదుల తాళాలు ఇవ్వడం, తీసుకోవడం నా పని. ఆ ఉద్యోగం ముగిశాక ఊరికి తిరిగివచ్చి ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ గది కిటికీలోంచి మా పాత ఇల్లు కనబడదు. అది చూసుకునే తీసుకున్నాను.

రోజూ తొమ్మిదింటికి గ్రంథాలయానికి వెళ్తాను. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా లేకుండా ఎన్నడూ వెళ్ళలేదు. వాకిలి పక్కన గోడలో మా తాత పేరు చెక్కిన రాయి ఉంది. సున్నం వేసినప్పుడల్లా అక్షరాలు పూడుకుపోతాయి. మనుషులు రాకముందే వెళ్ళి కొబ్బరి ఈనెతో గీకి శుభ్రం చేసేది నేనే. తర్వాత లోపలికి వెళ్ళి, బల్ల మీది పాఠకుల హాజరు పుస్తకంలో మొదటి సంతకం పెట్టి, పేపరు తీసుకుంటాను. కానిస్టేబుల్ పరీక్షకో గ్రూప్స్‌కో చదువుకునే పిల్లలు వచ్చేది ఆ తర్వాతే.

మా తాత ఇంట్లో మూడు బీరువాల నిండా పుస్తకాలుండేవి. బీరువాల పక్కన పీట మీద ఇత్తడి గంగాళం, చెంబు, తువ్వాలు. చేతులు కడిగి తుడుచుకోనిదే ఎవరూ పుస్తకం ముట్టకూడదు. కలెక్టరు వచ్చినా కడిగించారని ఇంట్లో చెప్పేవారు. పురుగు పట్టకుండా అరల్లో వసకొమ్ములు పెట్టేవారు. ఏటా ఎండాకాలం పాకాల నుంచి ఒక సాయిబు వచ్చి వసారాలో వారం రోజులు కూర్చునేవాడు. పాడైన పుస్తకాల పాత కుట్టు విప్పి, కొత్తగా కుట్టి, ఎర్రగుడ్డ బైండు వేసేవాడు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి ఉడికిస్తుంటే ఇల్లంతా ఆ వాసన. కుట్టడం పూర్తయిన ప్రతి పుస్తకానికీ ముందట్ట లోపల మా తాత తన చేత్తో ముద్ర వేసేవారు. గుండ్రటి ఊదారంగు ముద్ర, మధ్యలో ఇంటిపేరు. ఆ సాయిబు కొడుకు నా ఈడువాడు. ఇప్పుడు మా గ్రంథాలయం రిజిస్టర్లు బైండు చేసేది అతనే.

పోయిన నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు ముందు, గ్రంథాలయం చూసుకునే అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. పని మీద శ్రద్ధ ఉన్నది.

"సార్, ఈసారి ఏమన్నా కొత్తగా చెయ్యమని పైనుంచి చెప్పినారు. ముగ్గుల పోటీ, వ్యాసాల పోటీ ఎప్పుడూ ఉండేదే. మీ తాతగారి పుస్తకాలు మీ దగ్గరే ఉండాయా సార్?"

ఎదురుగా పేపరు చదువుతున్న రిటైర్డు బస్సు కండక్టరు తల ఎత్తాడు.

"ఉండాయి" అన్నాను.

అవి లేవు. మా ఇల్లు చేతులు మారిన ఏడే ఆ పుస్తకాలు కూడా పోయాయి. ఊళ్ళో ఎవరికీ తెలియదు. తిరుపతిలో బంధువుల ఇంట్లో భద్రంగా ఉన్నాయని అప్పట్లో ఎవరో అనుకున్నారు, నేను కాదనలేదు. ఆ రోజు "లేవు" అంటే, ఏమయ్యాయని అడుగుతారు. దానికి జవాబు చెప్పవలసి రాకూడదనే అన్నేళ్ళూ ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడకుండా నెట్టుకొచ్చాను.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి నల్లబోర్డు మీద వారం కార్యక్రమాలన్నీ సుద్దతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. మొదటి రోజు జెండా, జ్యోతి ప్రజ్వలన. రెండో రోజు వ్యాసరచన, వక్తృత్వం. నాలుగో రోజు చిన్నపిల్లలకు కథలు, ఆడవాళ్ళకు ముగ్గులు. ఐదో రోజు పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు సలహాలు. మధ్యలో, రంగు సుద్దతో: "మూడో రోజు: పాత పుస్తకాల ప్రదర్శన. దాత కుటుంబం వారి అరుదైన గ్రంథాలు." కింద నా పేరు, చివర "గారు".

కండక్టరు వరండాలోనే అందుకున్నాడు. "ఏమప్పా, కడాకు మీ తాత పుస్తకాలు మా కండ్లకు సూపిస్తా ఉండావు! మేము సేతులు కడుక్కోని రావాల్నా, లేకుంటే తలంటి పోసుకోని రావాల్నా?"

చేతులు కడిగే సంగతి నేను ఎప్పుడో చెప్పిందే.

"చేతులు చాలు" అన్నాను.

"టికెట్టు ఉండాదా?"

"నీకు పాసు ఇస్తాలే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. కానీ ఆ అమ్మాయి అప్పటికే హైస్కూలు సైన్సు గది నుంచి అద్దాల పెట్టెలు అడిగి ఉంచింది. పిలుపులు అచ్చు వేయించింది. జిల్లా నుంచి పెద్ద అధికారి మూడో రోజే వస్తానన్నాడని సంబరంగా చెప్పింది. ఆ రోజు అద్దాల పెట్టెలు ఖాళీగా ఉంటే మా ఇంటి మాట పోతుంది. దానికి కారకుణ్ణి నేను. ఆ అమ్మాయి మాటా పోతుంది. ఆమె చేసిన తప్పల్లా నన్ను నమ్మడం.

చెదలు పట్టాయని చెబుదామా, బంధువులు ఇవ్వడం లేదని చెబుదామా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ మర్నాడు బస్సెక్కి తిరుపతి వెళ్ళాను. అక్కడ ఒక సందులో పాత పుస్తకాల అంగడి ఉంది. సత్రంలో పనిచేసిన కాలంలో దాని ముందు నుంచే నడిచేవాణ్ణి. ఎన్నడూ లోపలికి వెళ్ళలేదు, అక్కడ మా ముద్ర కంట పడుతుందేమోనని. ఇప్పుడు వెళ్ళాను.

"యా పుస్తకం కావాల సార్?" అన్నాడు అంగడాయన.

"పాతవి."

"పాతవంటే?"

"ఎంత పాతవైతే అంత మంచిది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "డెకరేషన్‌కా సార్? సినిమావాళ్ళు ఇట్లే అడుగుతారు. లోపల ఏముండాదో వాళ్ళకు అక్కర్లా. ఆ మూల రెండు అరలూ ఎత్తకపోండి. సదివేవాళ్ళు ఎవురూ వాటి జోలికి రారు."

ఒక తోలు బైండు పుస్తకం తీశాను. మొదటి పేజీలో నీలం సిరాతో "మా పెద్దమ్మాయికి, పరీక్ష పాసైనందుకు, నాయన" అని ఉంది. ఇంకొకటి తీశాను. ఎవరో బడిపంతులు తన ఊరూ పేరూ రాసుకున్నాడు. ఆ పేర్ల మీద కాగితం అంటించి, మా తాతవని చెప్పి, అద్దాల కింద పెట్టడానికే వచ్చాను. ఆ ఆలోచన అప్పటిదాకా అంత స్పష్టంగా నా ముందు నిలబడలేదు. నా పుస్తకాలు కూడా ఏదో ఊళ్ళో ఎవరో ఇలాగే విప్పి చూసి ఉంటారనిపించింది. రెండింటినీ వాటి చోట పెట్టేసి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళున్నాయా అని అడిగాను. అంగడాయన నీళ్ళసీసా చూపించాడు.

ప్రదర్శనకు ఇంకా నాలుగు రోజులుంది. మర్నాడు గ్రంథాలయం వరండాలో బైండరు కూర్చుని, ఉత్సవాల ముందు చినిగిన పుస్తకాలు బాగుచేస్తున్నాడు. ఆ అమ్మాయి అద్దాల పెట్టెల కోసం హైస్కూలుకు వెళ్ళింది. నేను లోపలికి పోబోతుంటే పిలిచాడు.

"అయ్యా, ఒక మాట. కోపం చేసుకోవద్దు."

"చెప్పు."

"మూడో దినానికి పుస్తకాలు యాడ్నుంచి తెస్తారు?"

అతను సూదిలో దారం ఎక్కిస్తూనే ఉన్నాడు.

"నాకు తెలుసయ్యా. చిత్తూర్లో ఆ పాత పేపర్ల అంగడికి నేనూ నెలకొకసారి పోతా, అట్టల కోసం. కాగితం మిల్లుకు పోతాది. అట్టలు వాళ్ళకు పనికిరావు. ఆ పొద్దు మూటలు విప్పినారు. ఎర్రగుడ్డ కనబడినాది. తిప్పి సూస్తే మా నాయన కుట్టు. మా నాయన కుట్టు నాకు తెలీదా? పుస్తకాలు ఆపించాలని సూసినా. నా సేతిలో అంత లేదు. అట్టలు మాత్రం తీసుకున్నా."

"ఇన్నేండ్లూ నన్ను అడగలేదే?"

"అడగాలంటే ముందు మీ మొగం సూడాల గదయ్యా. నాకు సేతకాలేదు."

అతను లేచి లోపలికి వెళ్ళి హాజరు పుస్తకం తెచ్చాడు. నేను రోజూ సంతకం పెట్టేది. ముందట్ట లోపల అంటించిన తెల్లకాగితం మీద తడిగుడ్డ వేసి కొంచెంసేపు ఆగాడు. తర్వాత కత్తి మొనతో అంచు లేపి మెల్లగా ఒలిచాడు. కింద గుండ్రటి ముద్ర. రంగు వెలిసింది కానీ ఇంటిపేరు చదవడానికి వస్తుంది.

"మంచి అట్టయ్యా. ఇప్పుడు ఇట్లాంటివి యాడ దొరుకుతాయి? ఈడ రిజిస్టర్లన్నిటికీ ఇవే ఏసినా. ఇంటికాడ ఇంకా కొన్ని ఉండాయి."

వాకిట్లో రాతిని గీకి వచ్చిన సున్నం నా గోళ్ళలో ఉంది. గోడ మీది పేరు మాయకుండా చూసుకుంటున్నానని గర్వపడే నేను, అదే పేరు మీద చెయ్యి ఆనించి రోజూ సంతకం పెట్టాను. అతను మాత్రం ఎవరికీ చెప్పకుండా దాన్ని కాపాడాడు.

హైస్కూలు నుంచి ఆ అమ్మాయి రాగానే బల్ల దగ్గర నిలబడే చెప్పాను. కూర్చుని చెప్పగల మాట కాదు.

"పుస్తకాలు లేవమ్మా. నేను అబద్ధం చెప్పినాను."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. "పిలుపులు పంపేసినాను సార్. పెద్దసారుకు చెప్పినాను. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? మొన్న అడిగినప్పుడే లేవంటే ఏం పోయింది మీకు?"

ఏం పోయేదో చెప్పవచ్చు. అది ఆమెకు పనికివచ్చే జవాబు కాదు. "పెద్దసారు వచ్చినప్పుడు నేనే లేచి చెప్తాను. నీ తప్పు లేదని చెప్తాను" అన్నాను.

ముద్ర బయటపడిన హాజరు పుస్తకం పట్టుకుని వాకిట్లోకి వచ్చిన బైండరు అన్నాడు: "అమ్మా, పుస్తకం ఎట్లా కుడతారో సూపిస్తే పిల్లోళ్ళు సూస్తారా?"

ఆమె ముఖం తుడుచుకుని అతని వైపూ, ముద్ర వైపూ చూసింది. "చూస్తారు తాతా" అంది.

బోర్డు మీద రంగు సుద్దతో రాసిన వరుసను నేనే చెరిపాను. నా పేరు చెరిపిన చోట బైండరు పేరు రాశాను, చివర "గారు" పెట్టి. బడి విడిచాక మళ్ళీ బోర్డు మీద రాయని చెయ్యి, అక్షరాలు వంకరపోయాయి.

మూడో రోజు హాలు నిండింది. బైండరు ఉతికిన లుంగీ, తెల్లచొక్కా వేసుకుని అద్దాల పెట్టెల వెనక పీట మీద కూర్చున్నాడు. వాకిట్లో నేను ప్లాస్టిక్ బకెట్టు, మగ్గు, నా తువ్వాలు పెట్టాను. పెద్దసారు అడగకుండానే చేతులు కడుక్కుని లోపలికి వచ్చాడు. ఆయన కూర్చున్నాక నేను లేచి, పుస్తకాలు లేవని, ఉన్నాయని చెప్పింది నేనని, గ్రంథాలయానిది తప్పు కాదని మూడు మాటల్లో చెప్పి కూర్చున్నాను. హాలులో ఎవరూ నవ్వలేదు. నవ్వినా భరించేవాణ్ణి.

కండక్టరు ఆలస్యంగా వచ్చాడు. బకెట్టు దగ్గర ఆగి, మోచేతుల దాకా కడుక్కుని, నా పక్కన కూర్చున్నాడు. "పాసు ఇస్తానంటివే" అన్నాడు మెల్లగా. ఇంకేమీ అడగలేదు. ఆ పూట బైండరు చేతి కింద పిల్లలు చిన్న నోటుపుస్తకాలు కుట్టారు. మైలుతుత్తం కలిపిన జిగురు వాసన వచ్చినప్పుడు నేను కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను.

అద్దాల పెట్టెల్లో పదకొండు అట్టలు, లోపలి ముద్రలు కనబడేటట్టు తెరిచి ఉంచారు. కింద పెట్టవలసిన చీటీని అంతకు ముందు రోజే నేను చెబితే ఆ అమ్మాయి రాసింది. చివరి వాక్యం దగ్గర పెన్ను ఆపి, "ఇది ఎందుకు సార్, వద్దులెండి" అంది. రాయమన్నాను. రాసింది. ఆ చీటీ ఇప్పటికీ ఆ అట్టలతోపాటు గ్రంథాలయంలోనే ఉంది: "ఈ గ్రంథాలయ స్థలదాత ఇంటి పుస్తకాల అట్టలు. బైండు చేసినది పాకాల సాయిబు, దాచినది ఆయన కుమారుడు. పుస్తకాలను దాత మనవడు చిత్తూరులో పాత కాగితాల కింద తూకానికి అమ్మాడు."

బీరువాలు మూడూ, ఇత్తడి గంగాళమూ కూడా పుస్తకాలు అమ్మిన ఆ వారంలోనే అమ్మాను.