డిక్కీ మీద కుంకుమ బొట్టు

మొన్న మా అమ్మాయి తిరువళ్ళూరులో కొత్త కారు తీసుకుంది. మా అత్తగారినీ నన్నూ వెంటబెట్టుకుని షోరూముకు పోతే, నాకు కారు కన్నా ముందు దాని ముందు అద్దానికి అంటించిన కాగితం కనిపించింది. బండిని కడగరాదు, తుడవరాదు, ప్లాస్టిక్కు కవర్లు పీకరాదు అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాయించింది మా అమ్మాయే. షోరూము వాళ్ళు బండిని వచ్చింది వచ్చినట్టు దుమ్ముతోనే అప్పగించాలట, అక్కణ్ణించి అది నేరుగా తిరుత్తణి రోడ్డులో ఉన్న డీటెయిలింగ్ షాపుకు పోతుందట, అక్కడ నురుగు చల్లి, మెత్తటి బట్టతో కడిగి, పైన ఏదో గాజు పూత లాంటిది పూస్తారట. షోరూములో కడిగితే ఒకే బకెట్టు నీళ్ళు, ఒకే గుడ్డ పది బండ్లకు వాడతారు నాన్నా, పెయింటంతా సన్న గీతలు పడిపోతాయి అని అమ్మాయి నాకు ఓపిగ్గా వివరిస్తుంటే నేను కిక్కురుమనకుండా విన్నాను. ఆ బకెట్టు, ఆ గుడ్డ ఒకప్పుడు నా చేతిలోనే ఉండేవి మరి.

మా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మన వైపు కొత్త కారు అంటే ఊరు ఊరంతా వచ్చి చూసేది. పెళ్ళయిన కొత్తలో నాకు తిరువళ్ళూరులో ఒక కార్ల షోరూములో పని దొరికింది. ముందు వైపు అద్దాలు, ఏసీ, పూలకుండీలు. నా రాజ్యం మాత్రం వెనక రేకుల షెడ్డు. లారీ మీద నుంచి దిగిన బండిని కొనేవాడి కళ్ళ ముందుకు తెచ్చేలోగా ఎన్ని పనులుంటాయో బయటివాళ్ళకు తెలియదు. ఊడదీసి పెట్టిన బ్యాటరీ తీగ తగిలించాలి, ప్రయాణం కోసం రాయిలా కొట్టిన టైర్లలో గాలి తగ్గించాలి, డిక్కీలో మూటగట్టి పంపిన చక్రాల మూతలు బిగించాలి, బానెట్టు మీది తెల్ల కాగితం పీకి దాని జిగురును కిరసనాయిలు గుడ్డతో వదిలించాలి, ఆయిలు, నీళ్ళు, లైట్లు, హారను అన్నీ చూసి, చివర్న కడిగి తుడిచి, మైనం రుద్ది, అద్దంలా మెరిపించాలి. ఇవన్నీ చేసినట్టు ఒక అట్ట కార్డు మీద వరసగా టిక్కులు పెట్టి అడుగున సంతకం చేయాలి. ఆ సంతకం నాది. నాకు ఆ సంతకమంటే మహా గర్వంగా ఉండేది, ఒక్కోసారి కార్డు అంచుదాకా లాగి మరీ చేసేవాణ్ణి.

మా మామకు అంతకన్నా గర్వం. వెంగల్‌లో వరి పండించే మనిషి, మా అమ్మకు తమ్ముడు, పిల్లనిచ్చిన మామ కూడా. ట్రాక్టరు, మోటారు, పంపుసెట్టు ఏది కొన్నా నాలుగు ఊళ్ళు తిరిగి, నలుగురిని అడిగి, మూడు సార్లు బేరం వదిలేసి వచ్చి గాని కొనేవాడు కాదు. దేవుడి మహిమల గురించి ఎవరైనా చెప్తే మీసం చాటున నవ్వుకునేవాడు, తిరుత్తణి కొండ మీది గుడికి వచ్చేది అత్త పోరు పడలేకే. అలాంటి మనిషి, మా వంశంలో మొదటి కారు కొనేటప్పుడు మాత్రం, బండి మొహం కూడా చూడకుండా తెల్ల రంగు కావాలని ఒక్క మాట చెప్పి నా భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు చూసిన బండంటే ఇంక నేను చూసేదేముండాది అల్లుడా? నీ చేత్తో తుడిచి ఇయ్యి, అది చాలు నాకు."

ఆ మాటకు ముందటి వారమే ఒక సంగతి జరిగింది. లారీ మీద వచ్చిన బండ్లలో ఒక తెల్లబండి డిక్కీ తలుపు కమ్మీకి రాసుకుని జానెడు మేర లొత్తపడి, పెయింటు లేచిపోయింది. దాన్ని తిప్పి పంపితే పెద్ద రభస అవుతుందని మేనేజరు పెయింటరును పిలిపించి, అదే రేకుల షెడ్డులో లొత్త సర్ది, డిక్కీ తలుపంతా మళ్ళీ పెయింటు వేయించాడు. పనిమంతుడు, ఎండలో నిలబెట్టి చూసినా అతుకు కనబడలేదు. ఒక నెల దాకా దీని మీద మైనం గాని మరేదీ గాని పడనీయొద్దు, పెయింటు లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది అని మాత్రం ఆయన నాకు గట్టిగా చెప్పి పోయాడు. మేనేజరు కార్డు నా ముందు పెట్టాడు. దెబ్బలు, గీతలు ఏమీ లేవు అన్న గడి ఎదురుగా టిక్కు పెట్టాలి. నేను తటపటాయిస్తుంటే ఆయన గొంతు పెంచనైనా లేదు, ఈ సంగతి మన ముగ్గురికే తెలుసు, నలుగురికి తెలిసిన రోజు కార్డు మీద సంతకం ఎవరిదో వాళ్ళే జవాబు చెప్పుకుంటారు అన్నాడు. ఇంట్లో నా భార్యకు ఏడో నెల. నాకు వేరే పని దొరికే దారి లేదు. సంతకం చేశాను. ఈసారి కార్డు అంచుదాకా లాగలేదు.

మామ అడిగిన తెల్ల రంగులో యార్డులో ఉన్నది ఆ ఒక్క బండే. ఇంకొకటి రావాలంటే నెల పైన పడుతుందన్నారు. కృత్తిక పండగ నాడు బండి తిరుత్తణి కొండకు చేరాలని అత్త మొక్కుకుని ఉంది. నేను మామ దగ్గరకు పోయి ఎర్ర రంగు బాగుంటుందేమో చూడరాదా అన్నాను, మనూరి దుమ్ముకు తెలుపు ఆగదు అన్నాను, కొంచెం ఆగితే కొత్త సరుకు వస్తుందన్నాను. పెళ్ళిలో మంత్రాలు తప్పు చదివిన పురోహితుడిలా నసుగుతున్నానని నాకే తెలుస్తోంది. ఆయన నవ్వేసి, నీ చేతిలో ఉన్న బండిని వదిలిపెట్టి ఎవరి చేతిదో ఎందుకు తీసుకుంటానన్నాడు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే మామను మోసం చేసినవాణ్ణవుతాను. రెండు గోడల మధ్య ఇరుక్కున్నాను, అటూ ఇటూ కదలలేను. అప్పగించే రోజు పొద్దున ఆ బండిని ఎంత సేపు తుడిచానో చెప్పలేను. మిగతా అంతా మైనం రుద్ది, డిక్కీ దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కన పెట్టేశాను.

కృత్తిక నాడు కనకమ్మసత్రం మీదుగా తిరుత్తణికి పోయాము. మామ ముందు సీట్లో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. కొండ మీద బండ్ల పూజకు మా ముందు చాలా వాహనాలే ఉన్నాయి. ఎండ చుర్రుమంటోంది. పూజారి బానెట్టు మీద మూడు వేళ్ళతో విభూతి తీర్చి, నడిమధ్య గంధం, కుంకుమ పెట్టి, కర్పూరం తిప్పి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు మా అత్త, ముందుకు పెడితే సరా, వెనక నుంచి వచ్చే దిష్టి మాటేమిటి అంది. మామ పళ్ళెం అందుకున్నాడు. కుంకుమను గంధంతో కలిపి బొటనవేలికి దట్టంగా అద్దుకుని బండి చుట్టూ నడిచి డిక్కీ దగ్గరికి వచ్చాడు.

ఆ నాలుగడుగులు ఆయన వేసినంత సేపు నేను పడిన యాతన ఈ రోజుకీ మరిచిపోలేదు. అక్కడ వద్దు మామా అంటే చాలు. ఎందుకు వద్దు అని ఆయన అడుగుతాడు. అక్కడ పెయింటు ఇంకా పచ్చిగా ఉందని చెప్పాలి. కొత్తబండికి పచ్చి పెయింటేమిటి అని అడుగుతాడు. పక్కన నా భార్య కడుపు మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తూ నవ్వుతోంది. నేను నోరు తెరిచి, మూసుకున్నాను. మామ బొటనవేలు నేను దాచిన చోటే, సరిగ్గా నడిమధ్య, గట్టిగా ఒత్తుకుంది.

మూడో రోజు మామ తడిగుడ్డతో తుడిస్తే బానెట్టు మీది బొట్టు ఇట్టే పోయిందట. డిక్కీ మీదిది పోలేదు. సబ్బు పెట్టినా పోలేదు, కొబ్బరి నూనె రాసినా పోలేదు, తెల్లటి పెయింటులోకి రాగి రంగు గుండ్రటి మచ్చగా ఇంకిపోయింది. మామ బండి తీసుకుని నేరుగా షెడ్డుకే వచ్చి చూపించాడు. నేను మచ్చ మీద వేలితో రుద్ది, ఎండకు పట్టేసింది మామా, పోను పోను అదే పోతుంది అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, సరేలే అని వెళ్ళిపోయాడు. ఆ తరువాత పది పదిహేను రోజులు ఆయన నుంచి ఏ కబురూ లేదు. నేను అన్నం సయించక, ఏ క్షణాన వచ్చి నిలదీస్తాడో అని షెడ్డు గేటు వైపే చూస్తూ గడిపాను.

తరువాత వెంగల్‌కు పోతే ఆశ్చర్యం. మామ వాకిట్లో నలుగురిని నిలబెట్టుకుని డిక్కీ చూపిస్తున్నాడు.

"సూసినారా, బానెట్టు మీద పోయింది, ఈడ పోలా. సామి గుర్తు ఇది. మా బండి మీద సామి చెయ్యేసినాడు."

మహిమలంటే నవ్వుకునే మనిషికి ఉన్నట్టుండి ఇంత భక్తి ఏమిటా అనిపించింది గాని, పెద్దతనం వస్తోంది గదా అని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోవడమే నాకు లాభం. ఆ రోజు నుంచి నా చెర మొదలైంది. ఏ చుట్టం వచ్చినా మామ వాళ్ళను డిక్కీ దగ్గరికి తీసుకుపోయేవాడు, నేనక్కడ ఉంటే, కంపెనీలో దగ్గరుండి చూసినోడు మా అల్లుడే, అడగండి అనేవాడు. నేను తలూపేవాణ్ణి. ఏటేటా కృత్తికకు పాత మచ్చ మీదే కొత్త బొట్టు పడేది. ఒకసారి ఓర్చుకోలేక, ఆదివారం వచ్చి పాలిష్ పట్టి తీసేస్తాను మామా అంటే, ఎప్పుడూ నన్ను ఒక మాట అనని మనిషి, దాన్ని ముట్టొద్దు అని కసురుకున్నాడు. దొంగతనం చేసినవాడు దొరికిపోతే ఒక రకం బాధ. దొరకకుండా, తను దాచిన చోటుకే జనం దణ్ణం పెడుతుంటే పక్కన నిలబడి చూడవలసిన బాధ ఎలాంటిదో నాకు తెలుసు. రెండేళ్ళకు ఆ ఉద్యోగం వదిలేసి వేరే పనిలో చేరాను, అయినా చెప్పలేకపోయాను. అప్పటికి ఆ బొట్టు ఊరందరిదీ అయిపోయింది.

మామ పోయాక ఆ బండి కొన్నాళ్ళు గడ్డివాము పక్కన పడి ఉంది. టైర్లు పోయాయి, కోళ్ళు లోపల గుడ్లు పెట్టాయి. దాన్ని ఇనుము వాళ్ళకు అప్పగించింది నేనే. కదిలిపోతున్న లారీ మీద వెనక వైపు ఆ మచ్చ ఎండలో కనిపిస్తుంటే, అమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

ఇంక మొన్నటి సంగతి. తిరుత్తణి రోడ్డులోని ఆ డీటెయిలింగ్ షాపులో మా అమ్మాయి కారును లోపలికి తోలాక, షాపాయన కడగడానికి ముందు అరచేతిలో పట్టేంత చిన్న యంత్రాన్ని తీసి బానెట్టుకు, తలుపులకు, పైకప్పుకు వరసగా ఆనించి అంకెలు రాసుకుంటున్నాడు. నా పక్కన కుర్చీలో కూర్చున్న అత్త, ఏంది నాయనా, కారుకు జొరం చూస్తా ఉండాడా అని అడిగింది. పెయింటు మందం కొలుస్తున్నాడత్తా, ఎక్కడైనా మళ్ళీ పెయింటు వేసి దాచి ఉంటే ఇట్టే తెలిసిపోతుంది అని చెప్పాను. ఆయన డిక్కీ దగ్గరికి పోయి యంత్రం ఆనించినప్పుడు, నా చెయ్యి పడని బండి అయినా, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంతా కంపెనీ పెయింటే సార్, ఏ దెబ్బా లేదు అన్నాడు.

అత్త తనలో తను అనుకున్నట్టుగా అంది.

"ఇది అప్పుడే ఉండుంటే మీ మామకు ఊత్తుకోట దాకా పొయ్యే పని తప్పేది."

నేను తిరిగి చూశాను. అత్త కారు వైపే చూస్తూ చెప్పుకుపోయింది. "మచ్చ పోలేదని ఆడికి తీసకపోతే, ఆడుండే పెయింటాయన గోటితో గీకి చూసి చెప్పేసినాడంట, ఇది కంపెనీ పెయింటు కాదయ్యా, మళ్ళా ఏసినారు అని. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలా మీ మామ. అల్లుడు కావాలని చేసుండడు, వాడి చేత ఎవురో చేయించుంటారు, ఇది బయటపడితే వాడి పనీ పోతాది, మానమూ పోతాది, బిడ్డ నీళ్ళాడే టైము, సుమ్మా ఉండు, నోరెత్తొద్దు అన్నాడు. పొద్దున లేచి సామి గుర్తు అని మొదలుపెట్టినాడు. అట్ట చెప్తే ఎవురూ గీకి చూడరు గదా నాయనా. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఆయన పొయ్యి ఇన్నేండ్లయ్యె, ఇంక చెప్తే ఏంలే అని చెప్తా ఉండా."

అన్నేళ్ళు నేను ఒక్కణ్ణే ఇరుక్కుని ఉన్నాననుకున్నాను, మామ కూడా నాతోబాటు ఆ బొట్టు వెనక నిలబడి ఉన్నాడని తెలియలేదు. దేవుడి మహిమలను నమ్మని మనిషి నా కోసం ఏటేటా ఒక మహిమను నలుగురి ముందూ చెప్పుకున్నాడు. నీ మోసం నాకు తెలుసు అని ఒక్క చూపులోనైనా నాకు చూపించలేదు.

కడిగి పూత పూయడం అయ్యాక అత్త కొంగుముడి విప్పి, తెచ్చిన కుంకుమ పొట్లం తీసింది. షాపాయన పరుగున వచ్చి, అమ్మా, పూత ఆరేదాకా వారం రోజులు పెయింటు మీద నీళ్ళు కూడా పడకూడదు, కుంకుమ అసలు వద్దు అన్నాడు. ఆ మాట ఎంత సులువుగా అనేశాడు! మా అమ్మాయి సరేనంది, అత్త కూడా సరేనంది, ఎవరూ ఎందుకని అడగలేదు. నాకు కొండ మీద ఆ ఎండలో నోట రాని మాట అదే. ఈ కాలం పిల్లలు మాకంటే మంచివాళ్ళనో చెడ్డవాళ్ళనో నేననను, దాచడానికి వీలు లేకుండా బతుకుతున్నారు, అది వాళ్ళ అదృష్టం. మాకు దాచుకోవలసి వచ్చేది, మా కోసం దాచిపెట్టేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఇంటికి వచ్చాక ఒక మెత్తటి గుడ్డ చేతిలోకి తీసుకుని చాలా సేపు ఊరికే కూర్చున్నాను. ఇనుము వాళ్ళ లారీ మీద పోయిన ఆ డిక్కీ తలుపు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఒక్కసారి, ఆ బొట్టు చెరగకుండా దాని చుట్టూ తుడవాలని ఉంది.