తవుడిచ్చి కొన్న పిల్లలు

మా పక్కింటి మామ్మ పోయిందన్న కబురు రాయగడ బస్సు కండక్టరు తెచ్చాడు. కోరాపుట్‌లో నేను పనిచేసే బడి గేటు దగ్గర నిలబడి, "మీ మామ్మ కాలం సేసిందమ్మి. తవిటయ్యలందరికీ కబురెల్లింది" అన్నాడు.

మా వైపు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను చేటలో పడుకోబెట్టి మరో ఇంటి ఆడమనిషికి అమ్ముతారు. ఆమె దోసెడు తవుడిచ్చి కొంటుంది. పెంచమని మళ్ళీ తల్లికే అప్పగిస్తుంది. పరాయి బిడ్డ కనుక మృత్యువు వదిలేస్తుందని నమ్మకం. మగపిల్లవాడైతే తవిటయ్య, ఆడపిల్లయితే తవిటమ్మ.

మా వీధిలో అలాంటి పిల్లలందరినీ కొన్నది మామ్మే. వడ్రంగి కొడుకు తవిటయ్య రాయగడ స్టేషన్లో పాయింట్స్‌మన్. జమీ గుమాస్తా కొడుకు తవిటయ్య గుణుపురంలో బడిపంతులు. మిషన్ ఆసుపత్రి కాంపౌండరుకి బాప్తిస్మపు పేరు వేరే ఉంది. మామ్మకి మాత్రం తవిటయ్యే. ఇంకొకడు దొంగసారా కేసులో జైలుకెళ్ళొచ్చాడు. అరిసెలు వండితే మామ్మ అతని కోసమే దాచేది. ఎందుకని అడిగితే, "మంచోడికి ఊరంతా కూడెడతాది" అనేది.

నేను తవిటమ్మని. కాన్వెంటులో మరో పేరుతో చదివాను. ఆ తవుడు వల్లే బతికానని ఎవరితోనూ వాదించను. కాదని అనలేను.

మామ్మకీ ఇద్దరు బిడ్డలు పోయాక ఒక కొడుకు పుట్టాడు. కొనడానికి వడ్రంగి భార్య తవుడు తెచ్చింది. పేష్కారు వంశపు బిడ్డని తవుడుకి అమ్ముతామా అని మామ్మ అత్తగారు తలుపు వేసేసింది. ఆ బిడ్డ నెల తిరగకుండానే పోయాడు. ఆ తర్వాత ఎవరు చేట పట్టుకొచ్చినా మామ్మ కాదనలేదు. బిడ్డలు దక్కని చెయ్యి కదా అని కొందరు జంకేవారు. "నా గుమ్మంలో సావుకి పనైపోనాది. మరి రాదు" అనేది మామ్మ.

సందెదీపం పెట్టాక పెరటి తలుపు తీసి, "తవిటయ్యా" అని ఒక్కసారి పిలిచేది. వీధిలో ఏ తవిటయ్యో పలికేవాడు. "నిన్ను కాదురా" అని తలుపు మూసేది. ఎవరినని నేను అడగలేదు.

ఒకనాడు ఆమే అడిగింది: "నన్ను ఎత్తిననాడు నిప్పుకుండ అట్టడానికి ఒక్కడైనా పలుకుతాడంటావేటమ్మి?"

నేను వెళ్ళేసరికి పాడె సిద్ధంగా ఉంది. తవుడిస్తే కొడుకులైపోరని, తమలో ఎవరో ఒకరు కుండ పడతారని ఆమె మరిది అంటున్నాడు. బడిపంతులు మెల్లగా అన్నాడు:

"మాయమ్మ నన్ను తిరిగి కొనుక్కోలేదు బాబూ. నానింకా ఈవిడ బిడ్డనే."

మిగతా ముగ్గురూ అతని పక్కకి వచ్చి నిలబడ్డారు. చివరికి మరిది కుండలో నిప్పులు వేయించి, "మరైతే రా తవిటయ్యా, కుండట్టు" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. నలుగురూ ఒక్కసారిగా పెరటి తలుపు వైపు చూశారు. నేనూ చూశాను. తలుపు తీసే ఉంది. దారిలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. కాసేపటికి జైలుకెళ్ళొచ్చిన తవిటయ్య వచ్చి కుండ అందుకున్నాడు.

పాడె లేచింది. నేను పెరటి తలుపు మూయబోయాను. భుజం మీద పాడెతోనే పాయింట్స్‌మన్ వెనక్కి తిరిగాడు.

"ఉండనీ అమ్మి" అన్నాడు.